లియొనార్డు ఆయిలరు: వంగిన బద్ద గణితము

కావడిబద్దను భుజమునకెత్తి దాని రెండు కొనలను నీటికుండలు వ్రేలాడదీసినచో బద్ద వంగును. దూదియేకు వింటికి నారి బిగించినచో వెదురు వంగును. గంపలల్లువారు వెదురుబద్దలను వంచి వంచి గంపకు గుండ్రని రూపము తెత్తురు. ప్రత్తియు మిరపయు పండు మన దర్శి ప్రాంతమున ఈ వంపులను చూచియెరుగని పెద్దలుండరు. అయితే వంగిన బద్ద ఏ రేఖ ననుసరించి వంగుచున్నది? అది వృత్తమున ఒక ఖండమా, వేరొక రేఖయా? ఆ రేఖయే యేల కావలెను, మరియొకటి యేల కారాదు? ఇట్లు ప్రశ్నించుకొనినవారు మాత్రము అరుదు. ఈ ప్రశ్నకు సంపూర్ణమైన సమాధానమును మొట్టమొదట లోకమునకు చెప్పినవాడు లియొనార్డు ఆయిలరు. ఒక కన్ను పోయిన పిదప ఈ సమాధానమును వ్రాసెను. రెండవ కన్నును పోయిన పిదపను పదునేడేండ్లు గణితమును విడువక సాగించెను. ఆ మహనీయుని జీవితమును, అతడు తేల్చిన ఈ వంపు లెక్కను మన గ్రంథాలయ రజతోత్సవ సంచిక చదువరులకు విన్నవించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఆయిలరు 1707వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాసెలు పట్టణమున జన్మించెను. తండ్రి పాలు ఆయిలరు క్రైస్తవ మతగురువు. తల్లి పేరు మార్గరెట్టు. బిడ్డ పసివాడై యుండగనే కుటుంబము సమీపమందలి రీహెను గ్రామమునకు తరలెను. ఆయిలరు బాల్యము ఆ గ్రామముననే గడచెను. తండ్రి తన విద్యార్థిదశలో యాకోబు బెర్నౌలీ యను మహాగణితవేత్త ఉపన్యాసములను వినినవాడు. కావున కుమారునకు తొలి గణితపాఠములు ఇంటనే, తండ్రియొద్దనే లభించెను.

ఈ బెర్నౌలీల కుటుంబమును గూర్చి కొంత చెప్పక తప్పదు. వంగిన బద్ద కథ వారియింటనే మొదలైనది. యాకోబు బెర్నౌలీ 1694లో ఒక సమస్యకు పరిష్కారమును ప్రకటించెను. ఒక సన్నని బద్దను నేలలో నిలువుగా పాతి, పైకొనకు బరువు కట్టి, ఆ కొన నేలకు సమాంతరమగు వరకు వంచితిమనుకొందము. అప్పుడు బద్ద ఏ ఆకారమును పొందును? దీనికి యాకోబు చెప్పిన సూత్రము సులభమైనది. బరువు వ్రేలాడు నిట్టనిలువు గీతనుండి బద్దయందలి ఏ చోటు ఎంత దూరమున నున్నదో, ఆ చోట వంపు ఆ దూరమునకు తగినంత యుండును. కొనవద్ద దూరము సున్న గనుక వంపును సున్న. మొదట దూరము హెచ్చు గనుక వంపును హెచ్చు. కావడిబద్దయు నిట్టిదే. భుజమువద్ద వంపు ఎక్కువ, కుండలు కట్టిన కొనలవద్ద తక్కువ. ఇంతవరకు యాకోబు సాధించెను. కాని బద్దను ఏ విధముగ పట్టి వంచినను ఏర్పడగల రేఖలన్నియు ఎన్ని, ఎట్టివి అను ప్రశ్న మిగిలియుండగనే 1705లో కాలధర్మము నొందెను.

యాకోబు తమ్ముడు యోహాను బెర్నౌలీయు గొప్ప గణితవేత్తయే. కాని అన్నదమ్ముల నడుమ విద్యావిషయమున తీరని మాత్సర్యముండెను. ఒక ఫలితమును ముందు కనుగొన్నది నేనా నీవా అను వివాదము బహిరంగముగనే నడచెను. అన్న పోయిన తరువాత ఆ మాత్సర్యము కుమారునిపైకి మళ్ళెను. 1734లో పారిసు అకాడమీ బహుమానమును యోహానుకును అతని కుమారుడు డానియెలునకును కలిపి పంచియిచ్చిరి. కుమారుడు తనతో సమానుడగుటను సహింపలేక తండ్రి అతనిని ఇంట అడుగుపెట్టవలదని కట్టడి చేసెను. డానియెలు 1738లో జలప్రవాహమును గూర్చి ఒక ఉద్గ్రంథమును ప్రకటింపగా, తండ్రి అదే విషయమున తానొక గ్రంథము వెలువరించి, అది 1732లోనే వ్రాసినట్లు పాత సంవత్సరము వేసికొనెను. విద్య యెంత యున్నను, ఒకరి పద్దును మరియొకరి పేర వ్రాసికొనవలెనను కోరిక మనుష్యుని విడువదనుటకు ఈ కుటుంబమొక నిదర్శనము.

ఇట్టి యోహానుయే ఆయిలరునకు గురువయ్యెను. ఆయిలరు పదుమూడవ యేట బాసెలు విశ్వవిద్యాలయమున చేరెను. యోహాను అతనికి ప్రత్యేకముగ పాఠములు చెప్పుటకు అంగీకరింపలేదు. కఠినమైన గ్రంథములను చదువుకొనుమని చెప్పి, తెలియని భాగములను మాత్రము శనివారము మధ్యాహ్నము వచ్చి అడుగుమనెను. ఆయిలరు వారమంతయు తనకు తానే కష్టపడి, గురువు నడుగవలసిన సందేహములను వీలైనంత తగ్గించుకొని పోవుచుండెను. గురుముఖమున గాక గ్రంథముఖమున చదువుకొను మనవంటి గ్రామీణులకు ఈ పద్ధతి ఎంత యుపకరించునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇరువదియేండ్ల ప్రాయమున, 1727లో, ఆయిలరు పారిసు అకాడమీ పోటీకి ఓడ తెరచాప స్తంభముల యమరికను గూర్చి వ్యాసము పంపి రెండవ స్థానమును పొందెను. సముద్రమే లేని దేశమున పుట్టినవాడు ఓడలను గూర్చి వ్రాయుట వింతయే. ఆ యేడే బాసెలున ఖాళీయైన భౌతికశాస్త్రాచార్య పదవిని కోరి భంగపడెను. అప్పటికి డానియెలు బెర్నౌలీ రష్యా రాజధాని సెయింటు పీటర్సుబర్గున క్రొత్తగా స్థాపింపబడిన అకాడమీలో నుండెను. అతని ప్రయత్నమున ఆయిలరునకు ఆహ్వానము వచ్చెను. 1727 ఏప్రిలులో బాసెలును విడచిన ఆయిలరు మరల ఎన్నడును ఆ పట్టణమును చూడలేదు.

పీటర్సుబర్గున ఆయిలరు, డానియెలు ఒకే యింట వసించిరి. వారి మైత్రి జీవితాంతము నిలిచెను. 1730లో ఆయిలరు భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. 1733లో డానియెలు స్వదేశమునకు మరలిపోగా గణితాచార్య పదవి ఆయిలరునకు లభించెను. మరుసటి యేట చిత్రకారుని కుమార్తెయైన కాథరీనా గ్సెల్లును వివాహమాడెను. వారికి పదుముగ్గురు బిడ్డలు కలిగిరి. వారిలో ఎనమండుగురు పసితనముననే పోయిరి. 1735లో తీవ్రమైన జ్వరమున ప్రాణాపాయము తప్పెను. 1738లో కుడికన్ను చూపు పోయెను. ఈ కష్టములలోనే 1736లో యంత్రశాస్త్రమును గూర్చిన రెండు సంపుటముల మహాగ్రంథము ప్రకటించెను. ఒకటి, నాల్గవవంతు, తొమ్మిదవవంతు, పదునారవవంతు, ఇట్లు వర్గసంఖ్యల భాగములను అంతులేక కూడినచో మొత్తమెంత యగునను సమస్య బెర్నౌలీలకు సైతము లొంగలేదు. దానిని ఈ కాలముననే ఆయిలరు సాధించెను.

1741లో రష్యాలో రాజకీయపు కల్లోలము హెచ్చగా, ప్రష్యా రాజు ఫ్రెడరికు ఆహ్వానము నందుకొని ఆయిలరు బెర్లిను చేరెను. అతనితో పీటర్సుబర్గున వ్రాసిన ఒక గ్రంథపు వ్రాతప్రతి కూడ వచ్చెను. అనేక రేఖలలో ఏ రేఖయందు ఒక పరిమాణము అన్నిటికంటె తక్కువయో లేక ఎక్కువయో కనుగొను పద్ధతిని ఆ గ్రంథము బోధించును. ఆ సమయముననే, 1742 అక్టోబరులో, డానియెలు బాసెలునుండి ఒక ఉత్తరము వ్రాసెను. వంగిన బద్దయందు ఒక శక్తి దాగియుండుననియు, బద్ద తన కొనలను పట్టుకొన్న తీరునుబట్టి ఆ శక్తి మిక్కిలి తక్కువగునట్టి ఆకారమునే పొందుననియు అతడు ఊహించెను. ఆ శక్తి కొలతను గూడ తెలిపెను. కాని ఆ కనిష్ఠరేఖను రాబట్టుట తన చేతగాదనియు, అట్టి సమస్యలలో ఆరితేరిన ఆయిలరే దానిని సాధింపవలెననియు కోరెను.

ఆ కొలత యేమో కొంత వివరించెదను. వంగిన బద్దపై ఏదేని ఒక చోటు తీసికొని, అచ్చట బద్దకు సరిగా అతికినట్లుండు వృత్తమును ఊహింపవలెను. ఆ వృత్తపు వ్యాసార్ధము చిన్నదైన కొలది వంపు హెచ్చు. ఒకటిని ఆ వ్యాసార్ధముచే భాగించినచో వచ్చునది ఆ చోటి వంపు. ఆ వంపును దానితోనే గుణించి, బద్ద మొదటినుండి కొనవరకు ముక్కముక్కకు లెక్కవేసి అంతయు కూడినచో వచ్చు మొత్తమే బద్దయందలి శక్తికి కొలత. బద్ద మందమును, జాతిని బట్టి ఒక స్థిరసంఖ్యతో గుణించుకొన్నచో చాలును.

ఉదాహరణకు రెండు గజముల బద్దను లంబకోణము మేరకు వంచవలెననుకొందము. వంపును పొడవంతటను సమముగ పంచినచో ఒక శక్తి యగును. అట్లుగాక వంపునంతటిని ఒక గజములోనే కుదించి తక్కిన గజమును తిన్నగా నుంచితిమా, వంగినచోట వంపు రెట్టింపగును, దాని వర్గము నాలుగు రెట్లగును. పొడవు సగమే గనుక మొత్తము శక్తి రెండు రెట్లగును. ఊరంతయు మోయవలసిన భారమును సగము ఇండ్లపై మోపినచో ఆ ఇండ్లు పడు బాధ ఎట్లు రెట్టింపునకు మించునో ఇదియు నట్టిదే. కావున బద్ద తన వంపును వీలైనంత పంచుకొనజూచును. కొనలు ఏ దిక్కు చూడవలెనో మాత్రమే మనము నిర్ణయించినచో బద్ద వృత్తఖండమే యగును. కాని కొనలు ఏ స్థానమున నుండవలెనో కూడ నిర్ణయించినచో, వృత్తము ఆ నిర్బంధమునకు సరిపడదు. అప్పుడు ఏర్పడు రేఖలే స్థితిస్థాపక వక్రరేఖలు.

ఆయిలరు మిత్రుని కోరికను శిరసావహించెను. తన గ్రంథమునకు వక్రరేఖలను గూర్చి ప్రత్యేకమైన అనుబంధమును వ్రాసి చేర్చెను. గ్రంథము 1744లో లోజాను, జెనీవా నగరముల పేర లాటిను భాషలో వెలువడెను. ఒకే పొడవు కలిగి, ఒకే రెండు బిందువులగుండ పోవుచు, ఆ బిందువులవద్ద ఒకే దిక్కునకు తిరిగియుండు రేఖలన్నిటిలో, శక్తి అన్నిటికంటె తక్కువగు రేఖ యేది? ఈ ప్రశ్నకు ఆయిలరు సాధించిన సమీకరణము యాకోబు యేబది యేండ్లకు పూర్వము బరువును, దూరమును ఆధారముగ గొని చెప్పిన సూత్రముతో సరిపోయెను. రెండు వేరు దారులు ఒకే యూరు చేర్చినవి. అంతటితో ఆగక, ఏర్పడగల రేఖలన్నిటిని తొమ్మిది జాతులుగ విభజించి ఒక్కొక్కదాని రూపమును వర్ణించెను. మొదటిది తిన్నని గీతనుండి కనబడీ కనబడనంతగ అలవలె తొలగునది. మూడవది యాకోబు చూపిన రేఖ. అయిదవది ఎనిమిది అంకెవలె తనను తాను ఖండించుకొనునది. ఏడవది ఒక్క ముడి మాత్రము వేసికొని రెండు ప్రక్కలను తిన్నని గీతకు అంతులేక సమీపించునది. తొమ్మిదవది వృత్తము. తక్కినవి వీనికి నడుమనుండునవి. బద్దను ఏ విధముగ వంచినను ఈ తొమ్మిదింటిలో ఏదో ఒకదాని ఖండమే కనబడును.

యాకోబు రేఖయందు ఆయిలరు ఒక అద్భుతమైన సంబంధమును కనుగొనెను. నిలువుగ పాతిన బద్దకొన అడ్డముగ వంగినపుడు, ఆ కొన మొదటినుండి ఒక గజము ప్రక్కకు వచ్చినదనుకొందము. అప్పుడు బద్ద పొడవు సుమారు 1.311 గజము, కొన నేలనుండి సుమారు 0.599 గజము ఎత్తున నుండును. ఈ రెంటిని గుణించినచో 0.785 వచ్చును. ఒక గజము వ్యాసముగాగల వృత్తపు వైశాల్యము సరిగా ఇంతే. బద్ద పొడవును, ఎత్తును విడివిడిగా ఏ సులభసంఖ్యతోను చెప్పజాలము; రెంటి లబ్ధము మాత్రము వృత్తముతో ముడిపడియున్నది. వంగిన వెదురుబద్దలో వృత్తము దాగియుండుట ఎంత రమ్యము!

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. ఈ గణితము బద్ద విరుగదను నియమముపై నిలిచియున్నది. విడిచినచో మరల తిన్ననగు బద్దకే ఈ లెక్క వర్తించును. శివధనుస్సును రాఘవుడు ఎక్కిడినపుడు అది నడిమికి విరిగెనని మన పురాణకథ. నారిగట్టిన వింట వంపు నడుమనే హెచ్చుగనుక, ఒకే మందముగల విల్లు విరుగవలసివచ్చినచో నడుమనే విరుగుట సహజము. అందుచేతనే విండ్లు చేయువారు నడుమ లావుగను, కొనలవైపు సన్నముగను చెక్కుదురు. కవులు చెప్పిన చోటును, గణితము చెప్పు చోటును ఒక్కటే యగుట చదువరులకు సంతోషము కలిగించునని తలచెదను.

ఆ యనుబంధముననే ఆయిలరు లోకమునకు మిక్కిలి యుపకరించు మరియొక సత్యమును తెలిపెను. నిలువుగ నిలిపిన సన్నని స్తంభముపై బరువు పెట్టినచో, ఒక హద్దువరకు అది యించుకయు వంగదు. ఆ హద్దు దాటగనే ప్రక్కకు వంగి కూలును. ఆ హద్దు స్తంభపు పొడవు వర్గమునకు విలోమముగ నుండును. మన చేలలోని మంచెను చూడుడు. ఆరడుగుల కాళ్ళు మోయగల బరువులో, అదే లావుగల పండ్రెండడుగుల కాళ్ళు నాల్గవవంతే మోయగలవు. కాళ్ళ నడిమికి అడ్డకఱ్ఱలు కట్టి ప్రక్కకు కదలకుండ బిగించినచో, ఒక్కొక్క కాలు రెండు పొట్టికాళ్ళవలె నిలిచి నాలుగు రెట్లు బరువు కాయును. రైతు అనుభవముచే చేయుదానికి ఆయిలరు కారణమును, కొలతను ఇచ్చెను. 1757లో ఈ విషయమును మరల విపులముగ వ్రాసెను. పొట్టిగను లావుగను ఉండు స్తంభములు వంగుటకు ముందే నలుగును గనుక వానికి ఈ సూత్రము వర్తింపదు. సన్నని స్తంభములకు మాత్రము నేటికిని వంతెనలు, కట్టడములు నిర్మించువారు చదువు మొదటి పాఠమిదే.

ఇన్ని సాధించిన ఆయిలరు ఆ యనుబంధపు తొలిభాగముననే, ఈ శక్తి భావన డానియెలు బెర్నౌలీ తనకు తెలిపినదని పేరుపెట్టి వ్రాసెను. ఆ యుత్తరము ఇరువురి మధ్య నడచినది. దాచియుంచినచో అడుగువారు లేరు. తండ్రిచే తన కీర్తి అపహరింపబడిన డానియెలునకు మిత్రుడు ఈ విధముగ న్యాయము చేసెను. ఎవరి పద్దు వారి పేర వ్రాయుట లెక్కలు వ్రాయువారికి ప్రథమధర్మము. ఆయిలరు గొప్ప గణకుడగుటకు మాత్రమే కాదు, నమ్మదగిన గణకుడగుటకు ఇది తార్కాణము.

పదునొకండేండ్ల తరువాత ఈ గుణము మరల పరీక్షకు వచ్చెను. 1755లో టూరిను నగరమునుండి లగ్రాంజి యను పందొమ్మిదేండ్ల యువకుడు ఆయిలరునకు ఉత్తరము వ్రాసెను. 1744 గ్రంథమున ఆయిలరు బొమ్మలు గీచి ఎంతో శ్రమతో సాధించినదానిని, ఆ యువకుడు బొమ్మలు లేకుండ కొన్ని పంక్తులలో సాధించు పద్ధతిని కనుగొనెను. ఆయిలరు తన పద్ధతిని ప్రక్కనబెట్టి యువకుని పద్ధతిని స్వీకరించెను. ఆ విషయమున తాను వ్రాసినదానిని ప్రకటింపక ఆపి, కీర్తి అతనికి ముందుగ దక్కునట్లు చూచెను. పెద్దవాడు పిన్నవానికి దారి విడుచుట విద్యాలోకమున అరుదైన దృశ్యము.

బెర్లినులో ఆయిలరు ఇరువదియైదేండ్లుండెను. కాని ఫ్రెడరికు రాజునకు అతడు రుచింపలేదు. రాజునకు చమత్కార సంభాషణము, ఫ్రెంచి వాగ్విలాసము ప్రియములు. ఆయిలరు సాధువు, దైవభక్తుడు, మితభాషి. రాజు తన లేఖలలో అతనిని ఒంటికన్ను రాక్షసునితో పోల్చి పరిహసించెను. అకాడమీ అధ్యక్షపదవి ఖాళీయైనను అతని కీయలేదు. 1760లో రష్యా సేనలు బెర్లిను ప్రాంతమును దోచినపుడు చార్లొటెన్‌బర్గునందలి ఆయిలరు పొలము గూడ పాడుచేయబడెను. అది ఆయిలరుదని తెలిసిన రష్యా సేనాని నష్టపరిహార మిచ్చెను. మహారాణి ఎలిజబెత్తు అంతకు మించిన ధనము పంపెను. తానున్న దేశపు రాజు ఈయని గౌరవము శత్రుసేన యొసంగినది. 1766లో కాథరీను మహారాణి ఆహ్వానింపగా ఆయిలరు మరల పీటర్సుబర్గు చేరెను. బెర్లినున అతని స్థానమునకు వచ్చినవాడు లగ్రాంజియే.

రష్యా చేరిన కొలదికాలమునకే ఎడమకంట పొర క్రమ్మి చూపు మందగించెను. 1771లో శస్త్రచికిత్స చేసిరి. కొలది దినములు చూపు వచ్చి, పిదప పుండు పట్టి శాశ్వతముగ పోయెను. ఆ యేడే నగరమున చెలరేగిన అగ్నిలో అతని ఇల్లు దగ్ధమయ్యెను. పీటరు గ్రిమ్ము అను బాసెలు వాస్తవ్యుడైన ఒక పనివాడు మంటలలో చొరబడి అంధుడైన ఆయిలరును భుజములపై మోసికొని వచ్చెను. వ్రాతప్రతులను చాలవరకు రక్షింపగలిగిరి. 1773లో భార్య కాథరీనా మరణించెను.

ఇట్టి దశలో మనుష్యుడు పనిచేయునా? ఆయిలరు చేసిన పనిలో సగమునకు దగ్గరగ ఈ అంధకాలముననే చేసినది. మన అవధానులు నూరుగురు పృచ్ఛకుల ప్రశ్నలను ధారణయం దుంచుకొని పద్యములను అప్పగించుట మనము వినియున్నాము. ఆయిలరు ధారణ అట్టిది. వర్జిలు కవి లాటిను మహాకావ్యము అతనికి కంఠస్థము. తన ప్రతిలో ఏ పుటకు ఏ పాదముతో మొదలో, ఏ పాదముతో తుదియో చెప్పగలిగెడివాడు. ఇరువురు శిష్యులు ఒక పెద్ద లెక్కను వేసి, యేబదవ అంకెవద్ద భేదింపగా, ఆయిలరు మనస్సుననే మొత్తము వేసి ఎవరిది సరియో తేల్చెనని చెప్పుదురు. చంద్రుని గతులను గూర్చి ఏడువందల పుటలకు మించిన గ్రంథము 1772లో ఇట్లే వెలువడెను.

ఈ కాలపు కృతులలో బీజగణితమును గూర్చిన గ్రంథమొకటి గ్రంథాలయమునకు చేరదగినది. దానిని ఆయిలరు తనయొద్ద పనికి కుదిరిన ఒక కుట్టుపనివాని శిష్యునిచే వ్రాయించెను. ఆ యువకునకు గణితమున పూర్వపరిచయము లేదు. అతనికి అర్థమగునంత తేటగ చెప్పి వ్రాయింపగా, పుస్తకము పూర్తియగునప్పటికి అతడు కఠినమైన సమస్యలను స్వయముగ సాధింపగలవా డయ్యెనట. 1768 మొదలు 1770 వరకు రష్యను, జర్మను భాషలలో వెలువడిన ఆ గ్రంథము తరువాత పెక్కు భాషలలోనికి పోయెను. తెలుగునాట ఎన్నో శతాబ్దములకు పూర్వమే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెనుగు పద్యములలో చెప్పి, లెక్క పండితుల సొత్తు కాదని చూపెను. ఆయిలరు అభిప్రాయమును అదియే.

ఆయిలరునకు సహాయుడు కావలసివచ్చినపుడు 1773లో బాసెలునుండి నికొలాసు ఫూసు అను యువకుని పంపినవాడు ముదుసలియైన డానియెలు బెర్నౌలీ. ఫూసు తుదివరకు ఆయిలరు చేతికఱ్ఱయై, అతడు చెప్పినదానిని వ్రాసి, వందలకొలది వ్యాసములను సిద్ధపరచెను. ముప్పదియొకటేండ్లకు పూర్వము ఉత్తరమున ప్రశ్న పంపిన మిత్రుడు ఇప్పుడు వ్రాయుటకు చేతులనే పంపెను. డానియెలు 1782లో మరణించెను.

మరుసటి యేడు, 1783 సెప్టెంబరు 18వ తేదీన, ఆయిలరు ఉదయమున మనుమనికి పాఠము చెప్పెను. ఆకాశమున ఎగురు బుడగల గమనమును గూర్చి లెక్కవేసెను. రెండేండ్లకు పూర్వము క్రొత్తగ కనుగొనబడిన యురేనసు గ్రహపు మార్గమును గూర్చి శిష్యులతో ముచ్చటించెను. సాయంకాలమున మెదడున రక్తనాళము చిట్లి స్పృహ తప్పి, ఆ రాత్రియే పరమపదించెను. అప్పటికి అతని వయస్సు డెబ్బదియారేండ్లు. అతడు విడిచిన వ్యాసములను పీటర్సుబర్గు అకాడమీ మరి యిన్ని దశాబ్దములు ముద్రించుచునే యుండెను. అతని కృతుల పట్టికయందు 866 సంఖ్యలున్నవి. సమగ్ర సంపుటముల ముద్రణము 1911లో ప్రారంభమై నూరేండ్లకు పైగా సాగినది.

వంగిన బద్ద కథ అతనితో ఆగలేదు. 1906లో జర్మనీలో మాక్సు బారను, తరువాత నోబెలు బహుమానము నందినవాడు, తన పట్టపు పరిశోధనమునకు ఏ వంపు నిలకడగ నిలుచును, ఏది తటాలున మారును అను ప్రశ్ననే ఎన్నుకొనెను. 1994లో డేవిడు మమ్ఫర్డు అను గణితవేత్త, చిత్రములో ఒక వస్తువు మరియొకదానిచే మరుగుపడినపుడు కనబడని అంచును కంప్యూటరు ఎట్లు పూరింపవలెనను సమస్యకు ఈ రేఖలనే ఉపయోగించి చూపెను. తెగిన గీతకు రెండు కొనలును, అవి చూచు దిక్కులును తెలిసినచో నడిమిభాగమును ఊహించుటకు వెదురుబద్దయే దారి చూపినది.

యాకోబు మొదలుపెట్టిన లెక్కను డానియెలు ముందునకు జరిపెను, ఆయిలరు ముగించెను, లగ్రాంజి తేలికపరచెను. నాలుగు చేతులలో సాగిన ఈ ఖాతాలో ఆయిలరు వ్రాసిన పుట తక్కినవారి పేర్లను చెరపలేదు. మన గ్రంథాలయపు ఇరువదియైదేండ్ల సేవయు ఇట్లే అనేకుల చేతులమీదుగ సాగినది. పుస్తకము లిచ్చినవారు, అలమారులు చేయించినవారు, సాయంకాలమున దీపము పెట్టి తలుపు తెరచినవారు, వీరందరి పేర్లును ఈ సంచికలో ఎక్కవలెను. లెక్కలన్నచో భయపడు బాలబాలికలు ఆయిలరు బీజగణితము వంటి తేటయైన పుస్తకములను ఇచ్చట కూర్చుండి, గురువు నడుగవలసిన సందేహములను తగ్గించుకొనుచు చదువుదురు గాక. వారిలో ఒకరు కావడిబద్దను చూచి ఇది యేల ఇట్లు వంగినదని అడిగిననాడు ఈ గ్రంథాలయము స్థాపించిన పెద్దల శ్రమ ఫలించినట్లే.